మన భూమి, మన మనుషులు: రైణీ అనే కొండ ఊరు

పిల్లలూ! ఈ నెల మీ దేశపటం కాస్త దగ్గర పెట్టుకొని చదవండి. గంగానది మీద పాట్నా దగ్గర వేలు పెట్టి ఎగువకు నడిపించండి. కాశీ వస్తుంది, ప్రయాగ వస్తుంది, చాలా దూరం పోయాక హరిద్వారం వస్తుంది. అక్కడినుంచి కొండలే. ఇంకా పైకి పోతే దేవప్రయాగ దగ్గర గంగ రెండు పాయలుగా కనిపిస్తుంది. ఒకటి భాగీరథి, రెండోది అలకనంద. మనం అలకనంద వెంట పోదాం. బదరీనాథ్ యాత్ర చేసి వచ్చిన బామ్మ గాని తాతయ్య గాని మీ ఇంట్లో ఉంటే, ఆ దారిలో జోషీమఠం అనే ఊరున్నదని చెబుతారు. యాత్రికుల బస్సులు అక్కడినుంచి బదరీకి పోతాయి. మనం ఆ దారి వదలి, ధౌళీగంగ అనే ఉపనది వెంట తూర్పుగా వెళ్ళాలి. పాతిక కిలోమీటర్లు పోయేలోగానే, ఋషిగంగ అనే మరొక చిన్న నది ధౌళీగంగలో కలిసే చోట, కొండవాలు మీద రైణీ గ్రామం కనబడుతుంది.

మీ పటంలో ఈ పేరు ఉండదు. ఊరు అంత చిన్నది. జనం కొన్ని వందలు మాత్రమే. అయినా ప్రపంచంలో అనేక దేశాల పాఠ్యపుస్తకాలలోకి ఈ ఊరి పేరు ఎక్కింది. ఎందుకు ఎక్కిందో చెబుతాను. అయితే ముందు అక్కడి మనుషులు ఎలా బతుకుతారో తెలుసుకోవాలి. లేకపోతే ఆ కథ కథగానే మిగిలిపోతుంది.

రైణీ సముద్రమట్టానికి ఇంచుమించు 2 వేల మీటర్ల ఎత్తున ఉన్నది. మన తిరుమల కొండకు రెట్టింపు కంటె ఎక్కువన్నమాట. ఊరికి ఎదురుగా, వెనకగా, ఎటు చూచినా ఇంకా ఎత్తయిన కొండలే. అన్నిటి వెనకా నందాదేవి శిఖరం ఉన్నది. దాని ఎత్తు 7,816 మీటర్లు. మన దేశంలో కాంచనగంగ తరువాత అంత ఎత్తయిన శిఖరం ఇదే. నందాదేవి చుట్టూ మంచుకొండలు కోట ప్రాకారంలా నిలబడి ఉన్నవి. కోటకు గుమ్మం ఉండాలి గదా! ఋషిగంగ కొండను కోసుకొంటూ బయటికి వచ్చే సన్నని ఇరుకే ఆ గుమ్మం. 1934లో షిప్టన్, టిల్మన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు షేర్పాలతో కలిసి ఆ ఇరుకులోనుంచి లోపలికి దారి కనుగొన్నారు. ఋషిగంగ ఆ గుమ్మంలోనుంచి బయటపడి ధౌళీగంగను చేరేది రైణీ దగ్గరనే.

ఈ లోయలో ఉండేవారిని భోటియాలు అంటారు. వాళ్ళ పాత జీవితం గురించి చెబితే మీకు ముచ్చట వేస్తుంది. లోయ పైభాగంలో నీతీ, గమశాలీ, మలారీ అనే ఊళ్ళున్నవి. చలికాలంలో అక్కడ ఇళ్ళ తలుపులు కూడా మంచులో మునుగుతవి. అందుకని ఆ ఊళ్ళవాళ్ళు చలి రాకముందే ఇంటికి తాళం వేసి, గొర్రెలనూ మేకలనూ తోలుకొని, పిల్లాజెల్లాతో దిగువకు వచ్చేస్తారు. ఎండలు ముదిరాక మళ్ళీ ఎక్కుతారు. అంటే ఒక్కొక్క కుటుంబానికి రెండు ఇళ్ళు! మనకు వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు ఎలాగో వాళ్ళకు పై ఊరు అలాగ అనుకోకండి. వాళ్ళు సెలవులకు పోవడం లేదు, పొలాలకూ పచ్చికకూ పోతున్నారు.

పూర్వం వీళ్ళు టిబెట్టుతో వ్యాపారం చేసేవారు. 5 వేల మీటర్లకు పైనున్న నీతీ కనుమ దాటి పోవాలి. అక్కడ బండి పోదు. గుర్రం కూడా కష్టమే. మరి సరుకు మోసేది ఎవరనుకొన్నారు? గొర్రెలూ మేకలూ! ఒక్కొక్క జంతువు వీపున అటొకటి ఇటొకటిగా రెండు చిన్న సంచులు కట్టేవారు. ఒక్క గొర్రె మోసేది తక్కువే, కాని వందల గొర్రెలు వరసకట్టి నడిస్తే అదే పెద్ద బండి. ఇక్కడినుంచి ధాన్యం, బెల్లం, బట్టలు పోయేవి. అక్కడినుంచి ఉప్పు, ఉన్ని, వెలిగారం వచ్చేవి. మందకు కాపలాగా బొచ్చుకుక్కలు నడిచేవి. చిరుతపులి కుక్క మెడ పట్టుకొంటుంది గనుక, ఆ కుక్కలకు మేకులున్న ఇనుప పట్టీ మెడకు వేసేవారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు ఆ ఉన్ని వడికి కంబళ్ళు, తివాచీలు నేసేవారు.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. కనుమ మూతబడింది. తరతరాల వ్యాపారం ఒక్క సంవత్సరంలో ఆగిపోయింది. మనం యుద్ధం అనగానే సైనికుల సంగతే తలుచుకొంటాం. సరిహద్దు పక్కన గొర్రెల మీద ఉప్పు తెచ్చుకొని బతికే మనిషి సంగతి ఎవరికీ తట్టదు. ఆ మనిషికి మిగిలినవి రెండే. కొండవాలున మెట్లుమెట్లుగా చెక్కుకొన్న చిన్న పొలం, దాని పైనున్న అడవి.

పొలంలో గోధుమ, బార్లీ, బంగాళాదుంప, రాజ్మా చిక్కుడు పండుతాయి. మన తోటకూర జాతి మొక్కనే గింజ కోసం పెంచుతారు. ఆ గింజ పేలాలలాగా వేయించి బెల్లంతో ఉండ చేస్తారు. కాని అంత చిన్న పొలాలతో ఏడాది గడవదు. అందుకని మగవాళ్ళు చాలామంది మైదానాలకు పోయి పనులు చేసి మనియార్డర్లు పంపేవారు. ఇంటి దగ్గర పొలం పని, పశువుల మేత, వంటచెరకు, నీళ్ళు అన్నీ ఆడవాళ్ళ మీదనే పడేవి. పొద్దున లేస్తే అడవికి పోవలసిందే. వీపున గంప, చేతిలో కొడవలి. ఎండుపుల్లలూ ఆకూ తెచ్చుకొంటేనే పొయ్యి వెలిగేది, గేదె పాలిచ్చేది. చెట్లు ఒక కిలోమీటరు వెనక్కి పోతే వాళ్ళ నడక రోజుకు రెండు కిలోమీటర్లు పెరుగుతుంది. అడవి లెక్క ఆఫీసు పుస్తకాలలో చూచేవాళ్ళకన్నా ఆ ఆడవాళ్ళకు బాగా తెలుసునంటే ఆశ్చర్యమేముంది?

యుద్ధం తరువాత మరొక మార్పు వచ్చింది. సైన్యం కోసం కొండల్లోకి రోడ్లు వేశారు. రోడ్లు కావలసినవే, కాదనను. కాని రోడ్డు వేయడానికి కొండను మందుపెట్టి పేల్చారు. ఆ రోడ్డు మీదనే కంట్రాక్టర్ల లారీలు కూడా ఎక్కివచ్చాయి. అంతకు ముందు చేరరాని అడవులకు ఇప్పుడు గొడ్డళ్ళు చేరాయి.

1970 జూలై 20వ తేదీన అలకనందకు పెద్ద వరద వచ్చింది. బదరీ దారిలోని బేలాకూచీ అనే ఊరు కొట్టుకొనిపోయింది. బస్సులు కొట్టుకొనిపోయాయి. ఆ బురద ఎంత దూరం వచ్చిందో తెలుసా? హరిద్వారం దగ్గర మొదలయ్యే గంగ కాలువ పూడిపోయేటంత దూరం. చెట్లు కొట్టిన వాలులే ఎక్కువగా జారినవని కొండ మనుషులు గమనించారు. ఆ పరిశీలన ఊళ్ళలో తిరిగి రాసిపెట్టిన వారిలో ముఖ్యుడు చండీప్రసాద్ భట్. ఆయన 1964లో గోపేశ్వర్‌లో దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం స్థాపించినవాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, చెట్టుకూ బురదకూ సంబంధం ఏమిటో మీరే చూడండి. నేను చెబితే నమ్మడం వేరు, కళ్ళతో చూడడం వేరు. రెండు పాత రేకు పళ్ళాలు తెచ్చుకోండి. పళ్ళానికి ఒక పక్క అంచు వంచి నీరు జారే దారి చేయండి. ఒకదానిలో వట్టి మట్టి నింపండి. రెండోదానిలో గడ్డి వేళ్ళతో సహా పెళ్ళగించి తెచ్చిన మట్టిగడ్డ పరవండి. రెండింటినీ ఇటుకల మీద ఒకే వాలుగా పెట్టి, వంచిన అంచుల కింద రెండు గాజుగ్లాసులు ఉంచండి. చిల్లులు పొడిచిన డబ్బాతో రెండింటి మీదా ఒక్కొక్క చెంబు నీళ్ళు వానలాగా పోయండి. ఏ గ్లాసు ముందుగా నిండుతుంది? ఏ గ్లాసులో నీరు కాఫీలాగా ఉన్నది? గ్లాసులను రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లవారి అడుగున పేరుకొన్న మట్టిని కొలబద్దతో కొలిచి రాసుకోండి.

అడవిలో జరిగేది కూడా ఇదే. చినుకు పైనుంచి వేగంగా వచ్చి నేలను కొట్టకుండా ఆకులు దాని దెబ్బ కాస్తవి. కింద పడిన ఎండుటాకుల మెత్త నీటిని స్పంజిలాగా పీల్చి నెమ్మదిగా వదులుతుంది. వేళ్ళు వలలాగా అల్లుకొని పైమట్టిని పట్టుకొంటవి. చదునైన నేల మీద చెట్టు కొడితే నీడ పోతుంది. నిలువు వాలు మీద చెట్టు కొడితే కింద ఉన్న ఇల్లు పోవచ్చు. రైణీ ఇళ్ళు వాలు కింద ఉన్నాయి.

ఇక అసలు కథకు వద్దాం. 1973లో గోపేశ్వర్ దగ్గరి కొండ రైతులు కాడికి పనికివచ్చే అంగూ చెట్లు కొన్ని కావాలని అటవీశాఖను అడిగారు. అంగూ కలప తేలికగానూ గట్టిగానూ ఉంటుంది, ఎద్దు మెడ మీద బరువు వేయదు. ఇవ్వమన్నారు. కాని అవే చెట్లను అలహాబాదులోని ఆటసామాన్ల కంపెనీకి ఇచ్చారు. కంపెనీ వాళ్ళు చెట్లు కొట్టడానికి వస్తే ఏం చేయాలని ఊళ్ళో సభ జరిగింది. గొడ్డలికీ చెట్టుకూ మధ్య నిలబడి చెట్టును కౌగలించుకొందామన్న ఆలోచన అక్కడ పుట్టింది. దానికి "చిప్కో" అని పేరు. హిందీలో ఆ మాటకు అంటిపెట్టుకో, హత్తుకో అని అర్థం. ఏప్రిల్ నెలలో మండల్ అనే గ్రామంలో జనం డప్పులు కొట్టుకొంటూ అడవికి బయలుదేరగా కంపెనీ మనుషులు తిరిగిపోయారు.

మరుసటి సంవత్సరం రైణీ వంతు వచ్చింది. ఊరి పైనున్న అడవిలో ఇంచుమించు 2,500 చెట్లను ప్రభుత్వం వేలం వేసింది. కంట్రాక్టరు మనుషులు వస్తారని ఊరికి తెలుసు. ఎప్పుడు వస్తారో తెలియదు.

1974 మార్చి 26వ తేదీ. సరిహద్దు కోసం సైన్యం తీసుకొన్న భూములకు నష్టపరిహారం ఇస్తామని, ఆ రోజు ఊళ్ళోని మగవాళ్ళను చమోలీ పట్టణానికి రమ్మన్నారు. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్న డబ్బు. అందరూ వెళ్ళారు. చండీప్రసాద్ భట్‌ను, ఆయన మిత్రులను అధికారులు మాట్లాడడానికి గోపేశ్వర్‌లోనే ఆపారు. సరిగ్గా అదే రోజు కూలీల బస్సు రైణీ వైపు బయలుదేరింది. కిటికీలకు తెరలు దింపి ఉన్నవి. ఊరికి ముందే దిగి, కూలీలు ఋషిగంగ ఒడ్డున చాటుగా అడవివైపు నడవసాగారు. ఇదంతా కాకతాళీయమని నేను అనుకోను. మీరు పెద్దయ్యాక చదివి మీరే నిర్ణయించుకోండి.

వాళ్ళను ఒక చిన్న పిల్ల చూచింది. పరుగెత్తిపోయి గౌరాదేవికి చెప్పింది.

గౌరాదేవి ఎవరు? పక్క ఊరు లాతాలో 1925లో పుట్టి, రైణీకి కోడలుగా వచ్చిన మనిషి. బడికి వెళ్ళలేదు. ఇరవై రెండేళ్ళ వయసుకే భర్త పోయాడు, ఒళ్ళో పసివాడు. భర్త ఇంటివారు చేసే ఉన్ని వ్యాపారం, పొలం పని భుజాన వేసుకొని కొడుకును పెంచింది. కొడుకు ఎదిగాక ఊరి పనులలోకి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు పెట్టుకొన్న మహిళా మంగళ దళానికి ఆమెనే పెద్దగా ఎన్నుకొన్నారు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి.

కబురు వినగానే ఆమె ఇంటింటికీ పోయి పిలిచింది. పొయ్యి మీద కుండ దించి కొందరు, చంకలో బిడ్డతో కొందరు వచ్చారు. ఆడవాళ్ళూ ఆడపిల్లలూ కలిసి ఇరవై ఏడుగురు. అడవిలో కూలీలు వంట చేసుకొంటున్నారు. గౌరాదేవి మొదట వాళ్ళతో దెబ్బలాడలేదు. అన్నం తిని మీ దారిన పొండి నాయనా, మా మగవాళ్ళు వచ్చాక మాట్లాడుకొందాం అన్న ధోరణిలో నచ్చజెప్పింది. ఈ అడవి మాకు పుట్టిల్లు వంటిది, కష్టం వస్తే ఆదుకొనేది ఇదే అని కూడా ఆమె అన్నదని ఆ కొండల్లో చెప్పుకొంటారు. కూలీలలో కొందరు తలలు దించుకొన్నారు, వాళ్ళూ ఇంటి దగ్గర పిల్లల్ని వదిలి పొట్టకోసం వచ్చినవాళ్ళే. కాని తాగి ఉన్న ఒకడు తుపాకి ఎత్తి బెదిరించాడు. గౌరాదేవి వెనక్కి తగ్గకుండా ఆ తుపాకికి ఎదురుగా నిలబడింది. కాల్చు అన్నది. వాడు కాల్చలేదు.

కూలీలు దిగిపోయారు. దారిలో కొండ విరిగిన చోట నడవడానికి వేసిన సిమెంటు పలక ఒకటి ఉండేది. వాళ్ళు మళ్ళీ రాకుండా ఆడవాళ్ళు దానిని కూడా తొలగించారు. రాత్రంతా చలిలో అక్కడే కాపలా కూర్చొన్నారు. మరునాడు మగవాళ్ళు తిరిగివచ్చేసరికి ఒక్క చెట్టు కూడా పడలేదు.

ఆ తరువాత ముఖ్యమంత్రి ఒక నిపుణుల సంఘం వేశాడు. దానికి అధ్యక్షుడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే వీరేంద్రకుమార్. రెండేళ్ళు పరిశీలించి, రైణీ ఆడవాళ్ళు చెప్పినదే సరియని ఆ సంఘం తేల్చింది. అలకనంద ఎగువ ప్రాంతంలో ఇంచుమించు 1,200 చదరపు కిలోమీటర్ల మేర పదేళ్ళపాటు చెట్లు కొట్టకూడదని ఉత్తరువు వచ్చింది. ఆడవాళ్ళకు ఆ సంగతి తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టలేదన్నది వేరే మాట!

కథ ఇక్కడ ఆపితే మీకు హాయిగా ఉంటుంది. చాలా పుస్తకాలు ఇక్కడే ఆపుతాయి. కాని ఊరు అక్కడ ఆగిపోలేదు గదా.

1982లో నందాదేవి ప్రాంతాన్ని జాతీయవనం చేశారు. 1988లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో కూడా చేర్చారు. కస్తూరి మృగాలకూ, మంచుచిరుతలకూ, కొండమేకలకూ మేలు జరిగింది. కాని ఆ వనంలోకి మనుషులు పోకూడదన్నారు. గొర్రెలను మేపకూడదు, మూలికలు ఏరకూడదు. పర్వతారోహకులు కూడా రాకూడదు గనుక వాళ్ళ సామాను మోసి సంపాదించే కూలి కూడా పోయింది. అడవిని కాపాడినవారే అడవి బయట నిలబడ్డారు. వన్యమృగాలను కాపాడవద్దని ఎవరంటారు? కాని కాపాడే నియమం రాసేటప్పుడు అక్కడివాళ్ళను ఒక్కమాట అడగవలసింది. 1998లో లాతా గ్రామస్థులు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి ఆ వనంలోకి నడిచి తమ గోడు చెప్పుకొన్నారు. తరువాత కొద్దికొద్దిగా యాత్రికులను రానిచ్చారు. గౌరాదేవి అప్పటికి లేదు. 1991లోనే పోయింది.

ఇంకొక సంగతి. రైణీ దగ్గర ఋషిగంగకు అడ్డుకట్ట వేసి 13.2 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టారు. పది కిలోమీటర్ల లోపుననే, ధౌళీగంగ మీద తపోవనం దగ్గర 520 మెగావాట్ల పెద్ద కేంద్రం పని మొదలయింది. విద్యుత్తు లేకుండా నేను ఈ వ్యాసం రాసుకోలేను, మీరు చదువుకోలేరు. కాని ఊరివాళ్ళకు భయాలుండేవి. కొండలో మందు పేలుస్తున్నారని, రాళ్ళూ మట్టీ నదిలో పోస్తున్నారని 2019లో రైణీ గ్రామస్థుడొకరు నైనితాల్‌లోని హైకోర్టుకు వెళ్ళాడు.

2021 ఫిబ్రవరి 7, ఆదివారం. వాన లేదు. ఆకాశం నిర్మలంగా ఉన్నది. ఉదయం పదిన్నర కాకముందే, పైన రోంతీ శిఖరం వాలునుంచి బండరాయీ దాని మీది మంచూ కలిసి ఒక్కసారిగా ఊడిపడ్డాయి. శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలు చూచి లెక్కవేశారు. ఆ ముక్క ఇంచుమించు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లు! మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల పెట్టెలు రెండు కోట్ల డెబ్భై లక్షలు ఒకేసారి కొండ మీదనుంచి దొర్లినట్లు ఊహించుకోండి.

వాన లేకుండా వరద ఎలా వచ్చిందని మీరు అడగాలి. అడగకపోతే నేనే అడుగుతాను. రెండు అరచేతులూ గట్టిగా రుద్దండి. వేడెక్కినవి గదా? రాయీ మంచూ కలిసి వేల మీటర్ల లోతుకు రాసుకొంటూ పడేటప్పుడు అలాంటి వేడే, ఎన్నో రెట్లు, పుట్టింది. ఆ ముక్కలో నాలుగు వంతులు రాయి, ఒక వంతు మంచు. రాపిడి వేడికి ఆ మంచు దాదాపు అంతా కరిగి నీరయింది. నీరు, బురద, ఇల్లంత బండలు కలిసి ఋషిగంగ ఇరుకులో పడి వచ్చాయి. పై వాలున ఉన్నవాళ్ళు దుమ్ము మేఘం చూచి, కింద పని చేస్తున్నవారిని పొమ్మని గొంతు పగిలేటట్టు కేకలు వేశారు. నది హోరులో ఆ కేకలు ఎందరికి వినబడినవో! కొద్ది నిమిషాలలో ఋషిగంగ కేంద్రం తుడిచిపెట్టుకొనిపోయింది. రైణీ దగ్గరి రోడ్డు వంతెన పోయింది. దాంతో పై లోయ ఊళ్ళకు దారి తెగిపోయింది. తపోవనం దగ్గర కట్టుతున్న కేంద్రం బురదలో మునిగింది. రెండువందల మందికి పైగా చనిపోయారు, లేదా మళ్ళీ కనబడలేదు. వారిలో ఎక్కువమంది ఆ కేంద్రాలలో పనిచేసేవాళ్ళు, పొట్టకోసం దూరంనుంచి వచ్చినవాళ్ళు. తపోవనంలో ఒక సొరంగంలో చిక్కుకొన్న పన్నెండు మందిని ఆ సాయంత్రానికే ప్రాణాలతో బయటికి తీశారు.

ఆ రాత్రి రైణీవాళ్ళు చాలామంది ఇళ్ళలో పడుకోలేదు. నది మళ్ళీ వస్తుందేమోనని పిల్లలను ఎత్తుకొని పైకి, అడవిలోకి పోయారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చెట్లు కాపాడిన ఊరికి వరద ఎందుకు వచ్చిందని ఎవరయినా వెక్కిరిస్తే మీకు జవాబు తెలిసి ఉండాలి. చెట్టు వేరు మీటరో రెండు మీటర్లో లోతుకు మట్టిని పట్టుకొంటుంది. వాన తెచ్చే బురదను ఆపుతుంది. చెట్లు మొలవనంత ఎత్తున, మంచు కింద పగిలిన కొండబండను ఏ వేరూ పట్టుకోలేదు. ఆ పగులును ఎవరూ ఆపలేకపోయేవారు. ఆపగలిగింది వేరొకటి. అటువంటి కొండ కింద, అటువంటి ఇరుకులో, అంతమందిని పనికి నిలబెట్టకుండా ఉండడం. నిలబెట్టినా, పైన ఏదయినా కదిలితే కింద తెలిసేటట్టు ఏర్పాటు చేయడం.

అది కుదిరే పనేనా అంటారా? ఈ అలకనంద లోయలోనే ఒకసారి కుదిరింది. 1893లో చమోలీకి దగ్గరగా బిరహీగంగ మీద కొండ విరిగి పడి నదికి అడ్డుకట్ట అయింది. దాని వెనక గోహనా అనే పెద్ద చెరువు నిండసాగింది. అది ఎప్పుడు పొంగుతుందో ఇంజనీర్లు లెక్కగట్టారు. చెరువు గట్టునుంచి దిగువ ఊళ్ళదాకా టెలిగ్రాఫు తీగ వేశారు. వంతెనలు విప్పి తీశారు. జనాన్ని పై గట్లకు ఎక్కించారు. 1894 ఆగస్టు 25 రాత్రి కట్ట తెగింది. గఢ్వాల్‌లోని శ్రీనగర్ పట్టణం కొట్టుకొనిపోయింది. చనిపోయినవారు మాత్రం అయిదుగురే, వాళ్ళయినా వద్దన్నా తిరిగి కిందికి పోయినవాళ్ళు. టెలిగ్రాఫు తీగ తప్ప వేరే సాధనం లేని రోజులవి! 2021లో ఉపగ్రహాలున్నవి, ప్రతి చేతిలో ఫోనున్నది. రైణీలో నీరు పెరిగితే కూసే సైరను మాత్రం వరద వచ్చిపోయిన తరువాతనే పెట్టారు.

ఆ సంవత్సరం జూన్ నెలలో వానలు కురిశాయి. ఫిబ్రవరి వరద ఊరి కింది గట్టును తొలిచివేసి ఉన్నది గనుక, నది ఆ గట్టును మళ్ళీ కోసింది. రోడ్డు విరిగింది, ఇళ్ళు బీటలు వారాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి చూచి, రైణీ ఇక నివాసానికి పనికిరాదని, ఊరిని వేరే చోటికి మార్చాలని రిపోర్టు ఇచ్చారు. రైణీ, జోషీమఠం మనుషులు కొందరు మళ్ళీ హైకోర్టుకు పోయారు. 2021 జూలైలో కోర్టు ఆ అర్జీ కొట్టివేసి, వాళ్ళకు తలా పదివేల రూపాయలు జరిమానా వేసింది.

ఊరు మార్చడమంటే మీరు ఇల్లు మారినట్లు కాదు. సామాను మోసుకుపోవచ్చు. మెట్లు చెక్కిన పొలాన్ని ఎవరు మోస్తారు? పక్క ఊరివాళ్ళ అడవిలో వీళ్ళను పుల్లలు ఏరనిస్తారా? అలా అని బీటలువారిన ఇంట్లో పిల్లలను పడుకోబెట్టుకోమని కూడా అనలేము. మీ ఊరిని రేపు వేరే చోటికి మార్చవలసివస్తే, తీసుకుపోగలిగేవి ఏవి, తీసుకుపోలేనివి ఏవి? రెండు వరసలుగా రాసి నాకు పంపండి. పేరు, తరగతి, ఊరు రాయడం మరచిపోకండి. మంచి జాబితాలు ఈ పుటలోనే అచ్చువేయిస్తాను.

రైణీలో గౌరాదేవి విగ్రహం ఒకటి ఉండేది. 2021 జూన్‌లో దాని కింది నేల కుంగడం మొదలు పెట్టగానే, నదిలో పడిపోతుందేమోనని దానిని పీఠం మీదనుంచి ఊడదీశారు. ఆ పని జరుగుతుంటే ఊరి ఆడవాళ్ళు ఏడ్చారు. భద్రంగా ఉంటుందని విగ్రహాన్ని జోషీమఠానికి తీసుకుపోయారు. ఆ జోషీమఠం కూడా పాత కొండచరియ మట్టి మీద కట్టిన ఊరే. అక్కడ బండలు పేల్చవద్దని, చెట్లు కొట్టవద్దని 1976లోనే ప్రభుత్వ సంఘం ఒకటి రాసి ఇచ్చింది. 2023 జనవరిలో జోషీమఠం కుంగింది. ఎనిమిది వందలకు పైగా ఇళ్ళు, కట్టడాలు బీటలు వారాయి.